తీగల్లేని డాకింగ్: ల్యాప్‌టాప్‌ను డెస్క్ మీది మానిటర్లకు కలిపే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ల్యాప్‌టాప్ తెచ్చి టేబుల్ మీద పెట్టగానే పెద్ద మానిటర్‌లో మన స్క్రీన్ రావాలి. కీబోర్డూ మౌసూ పనిచేయాలి. లేచేటప్పుడు ఏ తీగా పీకకుండా ల్యాప్‌టాప్ చేతపట్టుకుని వెళ్లిపోవాలి. వైర్‌లెస్ డాకింగ్ అంటే ఇంతే. ఇప్పుడున్న మామూలు పరికరాలతోనే ఇది చేసుకోవచ్చు. అయితే ఒక పెట్టె కొని తగిలిస్తే తీరిపోయే పని కాదు.

తీగలున్న డాక్, అంటే ల్యాప్‌టాప్‌ను డెస్క్ మీది వాటన్నిటికీ కలిపే పెట్టె, నాలుగు పనులు చేస్తుంది. మానిటర్‌కు బొమ్మ పంపుతుంది. కీబోర్డు, మౌస్, కెమెరా లాంటివాటిని కలుపుతుంది. నెట్‌వర్కూ ఫైళ్లూ అందిస్తుంది. ల్యాప్‌టాప్‌ను చార్జ్ చేస్తుంది. తీగ తీసేస్తే ఈ నాలుగింటికీ వేర్వేరుగా ఏర్పాటు చేసుకోవాలి. మొదటి మూడూ చాలావరకు గాల్లో నడుస్తాయి. నాలుగోది నడవదు. తీగ లేకుండా చార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ రాకపోలేదు, 2017లో డెల్ లాటిట్యూడ్ 7285 వచ్చింది. కానీ ఆ దారి స్థిరపడలేదు. కాబట్టి రోజంతా పనిచేసేవాళ్లకు చార్జర్ తీగ ఒకటి ఎలాగూ టేబుల్ మీద ఉంటుంది.

అందుకే ముందే ఒక మాట. మీ ల్యాప్‌టాప్ రోజూ ఒకే టేబుల్ దగ్గర ఉంటే, యూఎస్‌బీ-సీలో పవర్ కూడా ఇచ్చే మానిటర్ కొనుక్కోవడమే మేలు. ఎలాగూ పెట్టాల్సిన ఆ ఒక్క తీగలోనే బొమ్మ, చార్జింగ్, కీబోర్డు అన్నీ వచ్చేస్తాయి. వైర్‌లెస్ అసలు పనికొచ్చే చోట్లు వేరు: ఒకే డెస్క్‌ను ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంతులవారీగా వాడుకునేటప్పుడు, మానిటర్ దూరంగా గోడకు బిగించి ఉన్నప్పుడు, ఇంట్లో ఇప్పటికే ఉన్న డెస్క్‌టాప్ మానిటర్‌ను ఆఫీసు ల్యాప్‌టాప్‌కు రెండో తెరగా వాడాలనుకున్నప్పుడు, రోజుకు నాలుగైదుసార్లు హాల్‌కీ గదికీ మారేవాళ్లకు.

గాల్లో బొమ్మ ఎలా వెళ్తుంది

ఇది తెలిస్తే తర్వాత వచ్చే సెట్టింగులన్నీ వాటంతటవే అర్థమవుతాయి. 1920×1080 తెర మీద సెకనుకు 60 ఫ్రేములు, ఒక్కో చుక్కకు 24 బిట్లు అనుకుంటే, సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు పంపాలి. హెచ్‌డీఎంఐ తీగ దాన్ని అలాగే మోసేస్తుంది. ఇంట్లో వైఫై మోయలేదు. అందుకని ల్యాప్‌టాప్ ఆ బొమ్మను హెచ్.264 వీడియోగా కుదించి, కొన్ని పదుల మెగాబిట్లకు తగ్గించి పంపుతుంది. అవతల రిసీవర్ దాన్ని విప్పి చూపిస్తుంది. వైఫై అలయన్స్ 2012లో తెచ్చిన మిరాకాస్ట్ చేసే పని ఇదే.

ఇలా కుదించడంలో రెండు నష్టాలు ఉన్నాయి. ఒకటి ఆలస్యం. కుదించడం, పంపడం, విప్పడం కలిసి సెకనులో పదో వంతు అటూ ఇటూ పడుతుంది. సినిమాలో అది తెలియదు, మౌస్ కదిపితే తెలుస్తుంది. రెండోది రంగు. ఈ కుదింపులో వెలుగు వివరాలు పూర్తిగా ఉంచి, రంగు వివరాలను నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున మాత్రమే పంపుతారు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు ఇబ్బంది అంతగా ఉండదు. నల్ల నేపథ్యం మీద ఎర్ర అక్షరాలు, నీలం లింకులు మాత్రం అంచులు అలికినట్టు కనిపిస్తాయి. కోడ్ రాసేవాళ్లకు ఇది వెంటనే కంట్లో పడుతుంది. తెలుగు టైపు చేసేవాళ్లు చిన్న సైజు అక్షరాల్లో వత్తుల దగ్గర చూడండి, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో కింది భాగం ముద్దగా అయిపోతుంది. అందుకే నా సలహా ఒకటే: చదివే, రాసే పని ల్యాప్‌టాప్ సొంత తెర మీద గానీ తీగ ఉన్న మానిటర్ మీద గానీ పెట్టుకోండి. గాల్లో వెళ్లే తెరకు మీటింగ్ వీడియో, చాట్, డ్యాష్‌బోర్డు, రిఫరెన్సు పేజీలు ఇవ్వండి.

60 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే వైగిగ్ అనే పద్ధతి ఒకటి వచ్చింది. దానిలో వేగం ఎక్కువ. డెల్ డీ5000, డబ్ల్యూఎల్‌డీ15, లెనోవో థింక్‌ప్యాడ్ వైగిగ్ డాక్ ఆ కోవలోవే. ల్యాప్‌టాప్‌లో ప్రత్యేకమైన వైగిగ్ కార్డు ఉంటేనే అవి పలుకుతాయి. ఆ తరంగాలు గోడ దాటవు, మధ్యలో మనిషి నిలబడినా తడబడతాయి. ఇంటెల్ తన వైగిగ్ కార్డులను 2017లోనే ఆపేసింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా ‘వైర్‌లెస్ డాక్’ కనిపిస్తే, ముందు అది వైగిగ్‌దా అని అడగండి. అదే అయితే వదిలేయండి.

మొదటి అడుగు: డబ్బు ఖర్చు పెట్టకముందే ల్యాప్‌టాప్‌ను పరీక్షించండి

విండోస్ 10 గానీ 11 గానీ ఉంటే విండోస్ కీ పట్టుకుని కె నొక్కండి. పక్కన ఒక పలక తెరుచుకుని దగ్గర్లోని డిస్‌ప్లేల కోసం వెతకడం మొదలుపెడితే మంచిదే. ఈ పరికరం మిరాకాస్ట్‌ను సపోర్ట్ చేయదని చెబితే కారణం వెతకాలి. విండోస్ కీతో ఆర్ నొక్కితే వచ్చే రన్ బాక్సులో డీ, ఎక్స్, డీ, ఐ, ఏ, జీ అనే ఆరు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కొట్టండి. డైరెక్ట్‌ఎక్స్ డయాగ్నస్టిక్ టూల్ తెరుచుకుంటుంది. కింద ‘సేవ్ ఆల్ ఇన్ఫర్మేషన్’ బటన్ నొక్కి, వచ్చిన టెక్స్ట్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ‘మిరాకాస్ట్’ అనే వరుస వెతకండి. అవైలబుల్ అని ఉంటే సరే. లేకపోతే అడ్డం గ్రాఫిక్స్ డ్రైవర్‌దా, వైఫై డ్రైవర్‌దా అన్నది అక్కడే రాసి ఉంటుంది. ల్యాప్‌టాప్ తయారీదారు సైట్ నుంచి ఆ డ్రైవర్ కొత్తది వేసి మళ్లీ చూడండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

మ్యాక్ ఉన్నవాళ్లకు మిరాకాస్ట్ లేదు, ఎయిర్‌ప్లే ఉంది. రిసీవర్‌గా ఆపిల్ టీవీ పెట్టె గానీ, ఎయిర్‌ప్లే ఉన్న మానిటర్ గానీ, మ్యాక్‌ఓఎస్ మోంటెరీ వెర్షన్ గానీ ఆ పైది గానీ నడిచే కొత్త మ్యాక్ గానీ కావాలి. ఐప్యాడ్ ఉంటే సైడ్‌కార్ ద్వారా అదే రెండో తెర అవుతుంది. లినక్స్‌లో గ్నోమ్ నెట్‌వర్క్ డిస్‌ప్లేస్ అనే ప్రోగ్రాం మిరాకాస్ట్ పంపగలదు, కానీ రోజూ ఆఫీసు పని దాని మీద వేసుకోమని నేను చెప్పను. ఇక్కడి నుంచి విండోస్ గురించే రాస్తున్నాను.

రెండో అడుగు: రిసీవర్ ఎంచుకోవడం

మామూలు మానిటర్ ఉంటే మిరాకాస్ట్ డాంగిల్ కావాలి. మైక్రోసాఫ్ట్ వైర్‌లెస్ డిస్‌ప్లే అడాప్టర్ లాంటివి. ఒక కొస హెచ్‌డీఎంఐలో పెట్టాలి, రెండో కొస పవర్ కోసం యూఎస్‌బీలో. ఆ యూఎస్‌బీని మానిటర్ వెనక ఉన్న పోర్టులో పెట్టడం అందరికీ అలవాటు. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం అరఆంపియర్ మాత్రమే ఇస్తుంది. కొన్ని డాంగిళ్లకు అది చాలదు, మధ్యలో ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటాయి. పాత ఫోన్ చార్జర్‌కు తగిలిస్తే ఆ పేచీ ఉండదు. డాంగిల్ మానిటర్ వెనక లోహపు పలకకు అతుక్కుని ఉంటే చిన్న హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వేసి పక్కకు వేలాడదీయండి, సిగ్నల్ మెరుగవుతుంది. పెట్టె మీద 4కే అని ఉన్నా సెకనుకు 30 ఫ్రేములకే పరిమితమైనవి ఉంటాయి. డెస్క్ పనికి 4కే 30 కన్నా 1080లో 60 హాయిగా ఉంటుంది. క్రోమ్‌కాస్ట్ కొనకండి, దానిలో మిరాకాస్ట్ లేదు.

కొత్తగా మానిటరే కొనేవాళ్లకు శాంసంగ్ స్మార్ట్ మానిటర్ ఎం సిరీస్ లాంటివి ఉన్నాయి, వాటిలో రిసీవర్ లోపలే ఉంటుంది. ఆండ్రాయిడ్ టీవీల్లో కొన్నింటికి మిరాకాస్ట్ ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొనేముందు స్పెసిఫికేషన్లలో చూడండి.

మూడో దారికి పైసా ఖర్చు లేదు, అందరూ మర్చిపోయేది కూడా ఇదే. డెస్క్ మీద ఇప్పటికే విండోస్ డెస్క్‌టాప్ గానీ పాత ల్యాప్‌టాప్ గానీ ఉంటే అదే రిసీవర్ అవుతుంది. దానిలో మిరాకాస్ట్‌కు తగిన వైఫై ఉండాలి. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్ అని వెతికి, అందులో ‘వైర్‌లెస్ డిస్‌ప్లే’ను ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత సిస్టమ్‌లో ‘ప్రొజెక్టింగ్ టు దిస్ పీసీ’ పేజీ తెరిచి, సురక్షిత నెట్‌వర్కుల్లో అందుబాటులో ఉండేలా మార్చి, పిన్ తప్పనిసరి చేయండి. ఆ పేజీలోనే యాప్ తెరిచే లింకు ఉంటుంది. దాన్ని తెరిచి ఉంచితే ల్యాప్‌టాప్ జాబితాలో ఈ కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. ఇందులో పెద్ద లాభం ఏమిటంటే, కనెక్ట్ అయ్యేటప్పుడు ఆ పరికరం నుంచి కీబోర్డు, మౌస్ ఇన్‌పుట్‌ను అనుమతించే టిక్ ఒకటి ల్యాప్‌టాప్‌లో వస్తుంది. అది పెడితే డెస్క్‌టాప్ కీబోర్డుతోనే ల్యాప్‌టాప్‌ను నడపొచ్చు. బొమ్మ, కీబోర్డు రెండూ ఒకే దెబ్బకు తీరిపోతాయి.

నాలుగోది హెచ్‌డీఎంఐ వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ జత. ఒక ముక్క ల్యాప్‌టాప్‌కు, రెండోది మానిటర్‌కు. ల్యాప్‌టాప్ దీన్ని మామూలు మానిటర్ అనుకుంటుంది కాబట్టి డ్రైవర్లు అక్కర్లేదు. మిరాకాస్ట్‌ను కంపెనీ వాళ్లు మూసేసిన ల్యాప్‌టాప్‌లకు ఇదొక్కటే గతి.

మూడో అడుగు: రూటర్

చాలామంది డాంగిల్ బాగోలేదని తిరిగిచ్చేస్తారు, తప్పు రూటర్ సెట్టింగులో ఉంటుంది. మామూలు మిరాకాస్ట్ రూటర్ గుండా పోదు. ల్యాప్‌టాప్, రిసీవర్ వైఫై డైరెక్ట్ ద్వారా నేరుగా మాట్లాడుకుంటాయి. కానీ ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై రేడియో సాధారణంగా ఒక్కటే. రూటర్‌తో 2.4 గిగాహెర్ట్జ్‌లోనూ రిసీవర్‌తో 5 గిగాహెర్ట్జ్‌లోనూ ఉంటే, ఒక్క క్లర్కు రెండు కౌంటర్ల మధ్య పరుగులు పెట్టినట్టు ఆ రేడియో అటూ ఇటూ తిరుగుతుంది. ఫలితంగా బొమ్మ ఆగి ఆగి వస్తుంది, మీటింగులో గొంతు తెగుతుంది.

దీనికి విరుగుడు ఇది. రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న అడ్రస్‌ను బ్రౌజర్‌లో కొట్టి రూటర్ సెట్టింగుల్లోకి వెళ్లండి. 2.4కూ 5కూ ఒకే పేరు ఉంటే విడదీయండి, ల్యాప్‌టాప్‌ను 5లోనే కలపండి. 5 గిగాహెర్ట్జ్ ఛానల్ ‘ఆటో’ నుంచి తీసి 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లు రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ కనిపిస్తే రూటర్ ఆ ఛానల్ వదిలి పోవాలన్నది నియమం, దాంతో కనెక్షన్ తెగుతుంది. చాలా పరికరాలు ఆ ఛానళ్లలో వైఫై డైరెక్ట్ నడపనే నడపవు. అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ల వాళ్లందరూ 36 దగ్గరే ఉంటే 149 నుంచి 161 మధ్య ప్రయత్నించండి.

ఇంకా మంచి దారి ఉంది. విండోస్ 10లో 2017 నాటి 1703 వెర్షన్ నుంచి, రిసీవర్ కూడా ఒప్పుకుంటే, మిరాకాస్ట్ బొమ్మ మన ఇంటి నెట్‌వర్కు గుండానే వెళ్లగలదు. రిసీవర్‌కు లాన్ కేబుల్ ఉంటే గాల్లో సగం భారం తగ్గుతుంది, తేడా స్పష్టంగా తెలుస్తుంది. దీనికి రెండు పరికరాలూ ఒకే నెట్‌వర్కులో ఉండాలి. గెస్ట్ వైఫై పనికిరాదు, అది పరికరాలను ఒకదానికొకటి కనపడనీయదు. విండోస్‌లో ఆ నెట్‌వర్కును ‘ప్రైవేట్’గా మార్చండి. వేరే కంపెనీ ఫైర్‌వాల్ ఉంటే 7236, 7250 టీసీపీ పోర్టులు తెరవాలి. ల్యాప్‌టాప్‌కు లాన్ కేబుల్ పెట్టినా వైఫై ఆపేయకండి, రిసీవర్‌ను కనిపెట్టేది దానితోనే.

నాలుగో అడుగు: కలపడం, సర్దడం

విండోస్ కీ, కె. జాబితాలో రిసీవర్ పేరు నొక్కి, తెర మీద వచ్చిన పిన్ కొట్టండి. మొదట అద్దంలో చూసినట్టు రెండింటిలోనూ ఒకే బొమ్మ వస్తుంది. వెంటనే మార్చేయకండి, ఆ స్థితిలోనే ఒక పరీక్ష చేయాలి. క్లాక్ యాప్‌లో స్టాప్‌వాచ్ నడిపి, ల్యాప్‌టాప్ తెరా మానిటరూ రెండూ పడేలా ఫోన్‌తో ఫొటో తీయండి. ల్యాప్‌టాప్‌లో 12.48, మానిటర్‌లో 12.36 అని ఉంటే ఆలస్యం 0.12 సెకను. 0.1 దగ్గర ఉంటే సుఖంగా పనిచేసుకోవచ్చు. 0.2 దాటితే మౌస్ విసిగిస్తుంది, మళ్లీ మూడో అడుగుకు వెళ్లండి. తెరలు రిఫ్రెష్ అయ్యే సమయాలు వేరు కాబట్టి ఒక్క ఫొటోతో తేల్చకుండా రెండు మూడు తీయండి.

తర్వాత విండోస్ కీ, పి నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. డిస్‌ప్లే సెట్టింగుల్లో రెండు తెరల పెట్టెలనూ టేబుల్ మీద అవి ఉన్న వరుసలోనే లాగి పెట్టండి. వైర్‌లెస్ తెరను 1920×1080 దగ్గర ఉంచండి. స్కేల్ 100 బదులు 125 శాతం పెడితే అక్షరం పెద్దదై, కుదింపు వల్ల వచ్చే ముద్దతనం కొంత కప్పిపోతుంది. తెలుగు చదివేవాళ్లకు ఇది తప్పనిసరి అనే అంటాను. మానిటర్ సొంత మెనూలో ఓవర్‌స్కాన్ (బొమ్మ అంచులను కత్తిరించేది) ఆపి, పిక్చర్ మోడ్‌ను పీసీ చేయండి. టీవీని మానిటర్‌గా వాడితే గేమ్ మోడ్ పెట్టండి, టీవీ తనకు తానుగా చేసే మెరుగులన్నీ ఆలస్యాన్ని పెంచేవే.

కనెక్ట్ అయ్యాక తెర పైభాగంలో వచ్చే పట్టీలో గేర్ బొమ్మ ఉంటుంది. అందులో గేమింగ్, పని, వీడియో అని మోడ్‌లు ఉంటాయి. వీడియో మోడ్ ముందుగా కొంత నిల్వ చేసుకుని నున్నగా చూపిస్తుంది, ఆలస్యం ఎక్కువ. డెస్క్ పనికి ‘పని’ మోడే.

శబ్దం చెప్పకుండానే కొత్త తెరకు వెళ్లిపోతుంది. మీటింగ్ మొదలవకముందే సౌండ్ అవుట్‌పుట్‌ను హెడ్‌సెట్‌కు మార్చుకోండి.

ఐదో అడుగు: కీబోర్డు, ఫైళ్లు, చార్జింగ్

డెస్క్‌ను ఇద్దరు వాడితే రెండు మూడు పరికరాలకు మారగలిగే బ్లూటూత్ కీబోర్డు, మౌస్ తీసుకోండి. బటన్ నొక్కితే ఒకరి ల్యాప్‌టాప్ నుంచి ఇంకొకరి దానికి మారిపోతాయి. 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్న మౌస్ అయితే, ఆ డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్కు పక్కనే పెట్టకండి. యూఎస్‌బీ 3 పనిచేస్తున్నప్పుడు 2.4 దగ్గర రేడియో రొద పుడుతుంది, మౌస్ ఎగిరెగిరి పడుతుంది.

ఫైళ్లకు రూటర్‌కు తగిలించిన హార్డ్‌డిస్కు గానీ నాస్ (నెట్‌వర్కులో ఉండే ఫైళ్ల పెట్టె) గానీ సరిపోతుంది. ప్రింటర్‌ను వైఫైలో పెట్టేయండి. కెమెరాకు తీగ లేని మంచి దారి లేదు, ల్యాప్‌టాప్‌దే వాడుకోండి.

ల్యాప్‌టాప్ మూత మూసి వాడాలంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో, మూత మూస్తే ఏం చేయాలన్న చోట, చార్జర్ ఉన్నప్పటికి మాత్రం ‘డూ నథింగ్’ పెట్టండి. బ్యాటరీ మీద ఉన్నప్పటిది మార్చకండి. మారిస్తే బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్ నిద్రపోకుండా అక్కడే వేడెక్కుతూ ఉంటుంది. వీడియో కుదించే పని వల్ల బ్యాటరీ మామూలు కన్నా త్వరగా దిగుతుంది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

రెండు మానిటర్లు కావాలంటే

రెండు డాంగిళ్లు కొంటే రెండు తెరలు వస్తాయనుకుంటారు. రావు. విండోస్ ఒకసారికి ఒక్క మిరాకాస్ట్ తెరనే కలుపుతుంది. ఒకటి తీగతో, ఒకటి గాల్లో పెట్టుకోవడం ఒక మార్గం. ముందు చెప్పినట్టు చదివే పని తీగ తెరకు ఇస్తే ఇదే చక్కటి అమరిక.

రెండూ తీగ లేకుండానే కావాలంటే దారి మార్చాలి. రెండు మానిటర్లనూ డెస్క్ మీది డెస్క్‌టాప్‌కు లేదా ఒక చిన్న మినీ పీసీకి తీగలతో బిగించేయండి. ల్యాప్‌టాప్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఆన్ చేయండి. దీనికి ల్యాప్‌టాప్‌లో విండోస్ ప్రో ఉండాలి, హోమ్ ఎడిషన్ చాలదు. డెస్క్ మీది పీసీలో ఏ ఎడిషన్ అయినా ఫర్వాలేదు. అందులో ‘రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్’ తెరిచి, షో ఆప్షన్స్ నొక్కి, డిస్‌ప్లే ట్యాబులో మానిటర్లన్నీ వాడుకునే టిక్ పెట్టి, ల్యాప్‌టాప్ పేరు కొట్టి కనెక్ట్ అవ్వండి. విండోస్ పిన్ ఇక్కడ పనిచేయదు, ఖాతా పాస్‌వర్డు కావాలి. ల్యాప్‌టాప్ తెర లాక్ అయిపోతుంది, దాని డెస్క్‌టాప్ అంతా రెండు మానిటర్ల మీదా పరుచుకుంటుంది. డెస్క్ కీబోర్డు, మౌస్ అందులోకి వస్తాయి. ల్యాప్‌టాప్ పక్క గదిలో చార్జింగ్‌లో ఉన్నా సరే. రాసే పనికి మిరాకాస్ట్ కన్నా ఇది ఎంతో నయం, ఎందుకంటే తెర ఆ మానిటర్ల కొలతకే గీయబడుతుంది, అక్షరం తేటగా ఉంటుంది. వీడియోలూ ఆటలూ మాత్రం దీనిలో అంత బాగోవు.

ఆగిపోతే ఎక్కడ చూడాలి

జాబితాలో రిసీవర్ కనిపించకపోతే: రెండు పరికరాల్లోనూ వైఫై ఆన్‌లో ఉందా, రిసీవర్ తెర మీద సరైన హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉందా అన్నది చూడండి. తర్వాత పాత జతను డివైసెస్ జాబితా నుంచి తొలగించి కొత్తగా కలపండి. డాంగిల్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి.

కనెక్ట్ అయి పది సెకన్లలో తెగిపోతుంటే చాలావరకు అది పవర్ సమస్యే, చార్జర్ మార్చండి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే రహస్య దారి) ఆన్ చేయగానే తెగుతుంటే, ఇంటి నెట్‌వర్కు దారిని వీపీఎన్ మూసేస్తోందని అర్థం. మిరాకాస్ట్‌ను ముందు కలిపి తర్వాత వీపీఎన్ ఆన్ చేసి చూడండి. అప్పటికీ కాకపోతే ఆ ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ట్రాన్స్‌మిటరే. ఓటీటీ సినిమా పెడితే తెర నల్లబడుతోందా? మధ్యలో ఏదో ఒక పరికరానికి హెచ్‌డీసీపీ (సినిమా కాపీ కాకుండా కాపాడే పద్ధతి) లేదు. డయాగ్నస్టిక్ ఫైలులో మిరాకాస్ట్ వరుసలో ‘విత్ హెచ్‌డీసీపీ’ అని ఉంటే లోపం రిసీవర్ వైపు.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు రిసీవర్ పేరు తప్పక మార్చండి. ఫ్యాక్టరీ పేరుతో వదిలేస్తే పక్క ఫ్లాట్ వాళ్లకూ అదే పేరుతో కనిపిస్తుంది, మీ తెర మీద వాళ్ల సినిమా వస్తుంది, లేదా వాళ్ల టీవీ మీద మీ జీతం స్లిప్పు. పిన్ ప్రతిసారీ అడిగేలా పెట్టండి. రెండు తెరల్లోనూ ఒకే బొమ్మ చూపేటప్పుడు మెయిల్, చాట్ నోటిఫికేషన్లను ఆపే సెట్టింగు విండోస్‌ 11లో ఉంది, ‘డూ నాట్ డిస్టర్బ్’ కింద చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మిరాకాస్ట్ గానీ రిమోట్ డెస్క్‌టాప్ గానీ మూసి ఉంటే రిజిస్ట్రీలో వెతికి తెరిచే పని పెట్టుకోకండి. ఐటీ వాళ్లకు ఒక టికెట్ వేసి, ఇంట్లో రెండో తెర కావాలని రాయండి.